ఇరవై జన్యువులు చాలునా?

జాతుల మధ్య చుట్టరికాన్ని పూర్వము ఎముకలు, దంతాలు, పుష్పదళాలు చూసి నిర్ణయించేవారు. ఇప్పుడు ముఖ్యంగా డి.ఎన్.ఏ.ను చదివి నిర్ణయిస్తున్నారు. అయితే ఎంత చదివితే చాలును? ఈ ప్రశ్నకు ఒక అంకెతో జవాబు చెప్పిన పరిశోధన పత్రము 2003లో 'నేచర్' పత్రికలో వెలువడింది. ఆంటోనిస్ రోకాస్, షాన్ కెరోల్, వారి సహచరులు ఏడు శాక్రోమైసిస్ ఈస్టులను, పోలికకు కాండిడా అనే మరొక ఈస్టును తీసుకొని, అన్నింటిలోను ఉన్న 106 జన్యువులను పరిశీలించారు. విడివిడిగా చూస్తే జన్యువులు ఏకీభవించలేదు. ఇరవైకి పైగా వేర్వేరు వంశవృక్షాలు వచ్చాయి. అన్నింటినీ ఒకే వరుసగా కూర్చి లెక్కకట్టగా ఒకే వృక్షము, అదీ నూటికి నూరుపాళ్ల మద్దతుతో, నిలిచింది. ఇరవై జన్యువులు కూర్చినా దాదాపు అదే ఫలితము.

ఈ 'మద్దతు' అనే మాట దగ్గర కొంచెము ఆగాలి. ఉన్న అక్షరాలలోనుంచే గుడ్డిగా ఏరి, కొన్ని మళ్లీమళ్లీ వచ్చినా సరేనని, అంతే పొడవు గల కొత్త వరుసను తయారుచేసి వృక్షము గీస్తారు. ఇట్లా వందలసార్లు గీసి, ఒక్కొక్క కొమ్మ ఎన్నిసార్లు కనిపించిందో లెక్కిస్తారు. సమాచారము చాలనందువల్ల కలిగే తడబాటును ఇది చక్కగా పట్టిస్తుంది. లెక్కకట్టే పద్ధతిలోనే మొగ్గు ఉంటే మాత్రము పట్టించదు. తప్పుడు పడికట్టుతో బియ్యాన్ని నూరుసార్లు తూచినా అదే తప్పుడు తూకము వస్తుంది గదా! 2004లో ఫిలిప్స్, డెల్సుక్, పెన్నీ అవే 106 జన్యువులను మరొక పద్ధతిలో లెక్కించగా వేరే వృక్షము వచ్చింది. దాని మద్దతూ నూటికి నూరే. జాతికీ జాతికీ డి.ఎన్.ఏ. అక్షరాల పాళ్లు వేరుగా ఉండటమే ఆ పద్ధతిని పెడదారి పట్టించిందని వారు చూపారు.

ఒక్క జన్యువుతో వృక్షము గీసే అలవాటును ప్రశ్నించడము 2003 పత్రము చేసిన మేలు. కాని ఇరవై అన్నది ఆ ఎనిమిది ఈస్టులకు చెల్లిన అంకె. కోతులకో తుమ్మెదలకో అదే చెల్లుతుందనడానికి ఆధారము లేదు. పైగా కూర్చి లెక్కించే పద్ధతి జన్యువుల మధ్య భేదాన్ని పొరపాటుగా తోసివేస్తుంది. ఆ భేదము నిజమైన చరిత్రే కావచ్చు. పూర్వజాతిలో ఒకే జన్యువుకు అనేక రూపాలు ఉండి, ఆ జాతి వెంటవెంటనే చీలితే, ఏ రూపము ఏ శాఖకు మిగులుతుందో చెప్పడము కష్టము. 2012లో గొరిల్లా జన్యుసంపుటిని పరిశీలించగా, సుమారు 30 శాతము భాగాలలో మానవునికి, చింపాంజీకి మధ్య ఉన్న పోలికకంటె గొరిల్లాకు వాటిలో ఒకదానితో ఉన్న పోలికే ఎక్కువగా కనిపించింది.

2013లో రోకాసే సాలికోస్‌తో కలిసి 23 ఈస్టు జాతులలోని 1,070 జన్యువులను చూశారు. 1,070 జన్యువులకు 1,070 వృక్షాలు వచ్చాయి. వాటిలో ఒక్కటీ కూర్చిన వృక్షముతో పూర్తిగా సరిపోలేదు. పెద్ద కూర్పులకు ఆ మద్దతు లెక్క తగదని, బలమైన సంకేతము గల జన్యువులను ఏరుకోవాలని వారు సూచించారు. అయితే ఒక్కొక్క జన్యువు బలాన్ని కొలవడానికి వారు వాడినదీ ఆ మద్దతు లెక్కనే.