పెచ్చు కింద పత్తి గింజ

మృగశిరలో తొలి చినుకు పడగానే తెలంగాణ చెల్కల్లో పత్తి పెట్టడం మొదలవుతుంది. 60–75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే విత్తమని శాస్త్రవేత్తలు ఏటా చెబుతారు. పైపైన తడిసిన నేలలో గింజ ఉబ్బుతుంది, మళ్లీ వాన రాకుంటే అక్కడే మాడిపోతుంది. రైతుకు ఇది తెలియక కాదు. పక్క చేనులో గింజ పడుతుంటే చూస్తూ ఊరుకోవడమే కష్టం.

అయితే తడి చాలినా మొలక రాని చేలున్నాయి. విత్తిన మర్నాడు జడివాన కురిసి, ఆపై ఎండ కాసిందంటే ఎర్ర నేల పెచ్చు కడుతుంది. చినుకు దెబ్బకు మట్టి చిట్లి, మెత్తటి రేణువులు సందులన్నీ పూడ్చేస్తాయి. మొలక లేని చోట ఆ పెచ్చును వేలితో లేపి చూడండి. గింజ చచ్చి ఉండదు. కొక్కెంలా వంగిన తెల్లటి కాడ దారి దొరక్క అడ్డంగా పాకుతూ కనిపిస్తుంది. కంది తన బద్దలను మట్టిలోనే వదిలి సన్నటి మొగ్గను పైకి పంపుతుంది. పత్తి మాత్రం బద్దలను నెత్తిన పెట్టుకునే రావాలి. వెనక కుదురుకు రెండు మూడు గింజలు వేస్తే అన్నీ కలిసి పెచ్చును ఎత్తేవి. ఇప్పటి ధరకు ఒక్కటే వేస్తున్నారు.

పెచ్చు చెడ్డదని మట్టిని అసలు నొక్కకూడదనీ కాదు. చుట్టూ మట్టి అంటుకుంటేనే గింజకు తడి అందుతుంది. గొర్రు వెనకే గుంటుక తోలేది అందుకే. ఆ ఒత్తిడి చాలు. తడి నేలను ట్రాక్టరు టైరు తొక్కితే గాలి సందులు మూసుకుపోతాయి, మొలిచినా వేరు కిందికి దిగదు. రోటావేటర్ మీద నాకు కోపమే. ఏటా అదే లోతున తిప్పితే పైన పిండి, కింద గట్టి పొర. ఆ పిండే వానకు పెచ్చవుతుంది.

మా పెద్దనాన్న వాన వెలిశాక పిడికెడు మట్టిని ఉండ చేసి కింద పడేసేవాడు. పొడిపొడిగా విడిపోతే సరే. ముద్దగానే ఉంటే, “ఆగు బిడ్డా, ఇంకా పదును రాలే” అనేవాడు. ఇప్పుడు ట్రాక్టరు అద్దెకు దొరికిన గంటే అదను. ట్రాక్టరు వాళ్లకు ఇంకా పది చేలుంటాయి, మన నేల ఆరేదాకా ఆగరు. చిన్న రైతును ఇందులో తప్పుపట్టలేను.

పెచ్చు కట్టిన చేలో మొలక తల ఎత్తకముందే ముళ్లకంపను తేలిగ్గా లాగితే చాలా మొలకలు బయటపడతాయి. పోగుంటలకు ఇంకో ప్యాకెట్ కొనేముందు ఆ పని చేసి చూడండి. పశువుల ఎరువు బాగా పడ్డ చేలో ఆ అవసరమూ తక్కువే.