బీజాపూర్ రోడ్డున ఓడల పని

సముద్రం చూడాలంటే హైదరాబాద్ పక్కన బీజాపూర్ రోడ్డు మీదున్న మా మొయినాబాద్ వాళ్లు రాత్రంతా రైల్లో కూర్చోవాలి. అలాంటి చోట ఉండి ఓడల పని చేస్తున్నానంటే ఎవరైనా ముందు నవ్వుతారు. తర్వాత ‘ఓడ డిజైన్ చేస్తావా?’ అని అడుగుతారు. డిజైన్ చేసేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు కంప్యూటర్లో కట్టిన ఓడను ముక్కలుగా విడదీసి, ఓడలు కట్టే యార్డులో ఉక్కు కోయడానికి వీలయ్యే ఫైళ్లుగా మార్చి పంపడం నా పని. మా భాషలో ప్రొడక్షన్ డేటా ఎక్స్‌పోర్ట్.

వినడానికి మీట నొక్కడమంత తేలిక. తెర మీద ఓడ నిండుగా కనిపిస్తుంది. కానీ ప్లేటు కోసే మెషీన్‌కు ఓడ అంటే ఏమిటో తెలియదు. ఈ బిందువు దగ్గర మంట వెలిగించు, ఆ బిందువు దాకా వెళ్లు, ఆపు: దానికి తెలిసింది ఇంతే. కనుక ప్రతి ముక్కకూ హద్దు గీత, లోపలి రంధ్రాలు, మందం, ఉక్కు గ్రేడు, ఏ అంచు ఏటవాలుగా కోయాలి, ఏ గీత మీద ఏ పట్టీ నిలబెట్టి వెల్డింగ్ చేయాలి, చివరికి ముక్క నంబరు, ఇవన్నీ ఫైల్లోకి ఎక్కాలి. ఎక్కనిది యార్డులో లేనట్టే.

తర్వాత నెస్టింగ్. దర్జీ తాను పరిచి జాకెట్టు ముక్కలు సర్దినట్టు, ఒకే మందం, ఒకే గ్రేడు ముక్కల్ని ఒక ప్లేటు మీద సర్దాలి. కోత వరసకూ ఓ నియమం ఉంది. ముందు లోపలి రంధ్రాలు, ఆఖరున బయటి హద్దు. హద్దు ముందే కోస్తే ముక్క కదిలిపోయి రంధ్రం చోటు తప్పుతుంది. మంట తినేసే ఉక్కుకూ లెక్క ఉంది. ఆ వెడల్పును సాఫ్ట్‌వేర్‌లోనైనా సర్దాలి, మెషీన్ దగ్గరైనా సర్దాలి. రెండు చోట్లా సర్దితే ముక్క కొలత తప్పుతుంది, ఎక్కడా సర్దకపోయినా తప్పుతుంది. వెల్డింగ్ వేడికి ఉక్కు ముడుచుకుంటుంది కాబట్టి, ఆ మేరకు ముక్కను ముందే కాస్త పెద్దది చేసి పంపాలి.

ఈ విద్యలో నాకు అన్నిటికన్నా ముచ్చటైనది ఫ్రేము కడ్డీలు వంచే పద్ధతి. తిన్నని కడ్డీ మీద ఒక వంపు గీత గీయిస్తాం. యార్డులో మనిషి కడ్డీని ప్రెస్సులో పెట్టి మెల్లగా వంచుతూ పోతాడు. గీత తిన్నగా మారిన క్షణాన కడ్డీకి కావలసిన వంపు వచ్చేసినట్టే. అచ్చు చెక్క అక్కర్లేదు, ఒక దారం పట్టి చూసుకుంటే చాలు. ఆ గీత కొలతలు కూడా మా ఎక్స్‌పోర్ట్‌లోంచే వెళతాయి.

కంప్యూటర్లు లేని కాలంలో ఈ పని లాఫ్ట్‌లో జరిగేది. విశాలమైన చెక్క నేల మీద ఓడ గీతల్ని అసలు సైజులో గీసి, వాటి మీద అచ్చులు చేసేవారు. విశాఖపట్నంలో పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన యార్డుకు 1941లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ కట్టిన ‘జల ఉష’ ఓడను 1948 మార్చి 14న నెహ్రూ నీళ్లలోకి దింపారు. అప్పట్లో ఓడ కొలతల బాధ్యత లాఫ్ట్ మేస్త్రీలదే. 1960లలో నార్వేవాళ్ల ఆటోకాన్ లాంటి ప్రోగ్రాములు వచ్చి ఆ చెక్క నేలను కంప్యూటర్లోకి మార్చాయి. అలాంటిదే, స్వీడన్ మూలాలున్న ఓడల సాఫ్ట్‌వేర్ ట్రైబాన్‌ను 2004లో కొన్న అవీవా కంపెనీకి ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఆఫీసు ఉంది.

లాఫ్ట్ నేల పోయింది కానీ మేస్త్రీ బాధ్యత పోలేదు. అది ఎక్స్‌పోర్ట్ చేసేవాడి మీద పడింది. మోడల్ రోజూ మారుతుంది, పంపిన ఫైలు మారదు. పైపు పోవడానికి డిజైనర్ నిన్న రంధ్రం జరిపితే, మొన్న వెళ్లిన ఫైలుకు ఆ సంగతి తెలియదు. అందుకే రివిజన్ నంబరు వేయని ఫైలు ఎంత అందంగా ఉన్నా చెత్తబుట్టకే. తెర మీద దిద్దడానికి నిమిషం పడుతుంది. కోసిన ప్లేటును దిద్దడమంటే అతుకులు వేయడమో, కొత్త ప్లేటు తేవడమో.

ఇక మా ప్రాంతం మాట. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాలకు వర్తించింది. మొయినాబాద్, చేవెళ్ల మండలాల ఊళ్లూ అందులో ఉన్నాయి. దానివల్ల కాలుష్యం చిమ్మే ఫ్యాక్టరీలు రాకపోవడం మంచిదే. పొగా మసీ లేని మా పనికి ఈ చోటు బాగా కుదిరింది కూడా. అయితే ఇక్కడి కాలేజీల్లో చదివే మెకానికల్ పిల్లలకు మాత్రం దీంతో ఒక లోటు మిగిలింది. సాఫ్ట్‌వేర్ మెనూలు వాళ్లు నాకన్నా వేగంగా నేర్చుకుంటారు. కానీ వేడికి వంకర తిరిగిన ప్లేటును కళ్లతో చూసినవాళ్లు అరుదు.

వాల్‌చంద్ పెట్టిన ఆ యార్డే ఇప్పటి విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డు. దానికి 2023 ఆగస్టులో రక్షణ శాఖ నౌకాదళం కోసం ఐదు ఫ్లీట్ సపోర్ట్ షిప్‌లు కట్టే పని అప్పగించింది. మొదటి ఓడకు 2024 ఏప్రిల్‌లో ఉక్కు కోత మొదలైంది. ఇలాంటి పనులకు డేటా తయారుచేసే మనుషులు ఇంకా కావాలి. కాలేజీల వాళ్లకు నా విన్నపం ఒకటే. సాఫ్ట్‌వేర్ కోర్సు పెట్టే ముందు పిల్లల్ని అనుమతి తీసుకుని ఏదైనా యార్డుకో, కనీసం ప్లేట్లు కోసే వర్క్‌షాపుకో తీసుకెళ్లండి. ఉక్కు ఎలా ప్రవర్తిస్తుందో చూడనివాడి చేతికి ఎక్స్‌పోర్ట్ మీట ఇవ్వకూడదు.