బాల్కనీకి వల కట్టే చేయి

విశాఖలోని మధురవాడ, ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్లలో పసిపిల్లలున్న ఇళ్లకు బాల్కనీ వలలు కట్టే పనివాళ్లను మనం డ్రిల్లింగ్ మిషన్ మోసేవాళ్లుగానే చూస్తాం. వాళ్ల పనితనం అంతకన్నా పెద్దది. అంచు నుంచి ఎంత లోపలికి హుక్కు దించితే ప్లాస్టరు పెచ్చు ఊడదో, మూలల్లో తాడు ఎంత బిగించాలో ఆ చేతికే తెలుసు. కట్టాక అరచేత్తో గట్టిగా నెట్టి చూస్తారు; వదులనిపిస్తే విప్పి మళ్లీ కడతారు. ఇక్కడి ఉప్పుగాలి మరో పరీక్ష. ఉక్కు నగరమే గానీ, ఇక్కడ ప్రతి ఉక్కునూ నమ్మడానికి లేదు. వలకు బదులు స్టీలు తీగలు కట్టించుకుంటే, సముద్రం దగ్గర 304 రకం తీగకు తుప్పు మచ్చలు పడతాయి. మాలిబ్డినం కలిసిన 316 రకం ఎక్కువకాలం నిలుస్తుంది. నైలాన్ వలనైతే ఎండ పెళుసు చేస్తుంది. అడక్కుండానే ఈ తేడా చెప్పేవాడే నిపుణుడు.

"నాయనమ్మ కనిపెట్టుకుని ఉండగా ఇవన్నీ ఎందుకు? మేం పెరగలేదా?" అనేవారున్నారు. పెరిగాం, నేలమీది పెంకుటిళ్లలో. ఏడో అంతస్తులో కుర్చీ లాక్కుని ఎక్కే పిల్లాడికి పిట్టగోడ ఓ లెక్కా? పాలు పొంగే క్షణం చాలు. పదేళ్లలోపు పిల్లలున్న అపార్ట్‌మెంట్ల కిటికీలకు న్యూయార్క్ నగరం 1976లో రక్షణ కమ్మీలు తప్పనిసరి చేశాక, పిల్లలు పడిపోవడం బాగా తగ్గింది. అక్కడా తల్లులున్నారు మరి! మంటలొస్తే దారి మూసుకుపోదా అన్నది మాత్రం గట్టి ప్రశ్నే. ఆ చిక్కు ఇనుప గ్రిల్లుకే ఎక్కువ; వలను కత్తెరతో కోయొచ్చు, తీగలకైతే కట్టర్ ఇంట్లో ఉంచుకోవాలి. బేరమాడే ముందు తీగ రకం అడగండి. ఏడాదికోసారి హుక్కులు చూడటానికి పిలిచి, ఆ కూలీ కూడా ఇవ్వండి.