ముల్లుదా తప్పు, గొట్టానిదా?

తేలికపాటి విమానంలో వేగం చూపే మీటరు కొలిచేది నిజానికి వేగాన్ని కాదు, రెండు పీడనాల తేడాను. రెక్క కింద ముందుకు చూస్తూ ఉండే పిటో గొట్టంలో ఎదురుగాలి ఒత్తిడి పెంచుతుంది. విమానం పక్కగోడకున్న స్టాటిక్ రంధ్రం బయటి గాలి మామూలు పీడనాన్ని అందిస్తుంది. ఈ తేడాకు మీటరులోని పలుచటి లోహపు డిబ్బీ ఉబ్బి ముల్లును తిప్పుతుంది. 1732లో ఫ్రెంచి ఇంజనీరు ఆన్రీ పిటో సేన్ నది ప్రవాహాన్ని కొలిచిన వంపు గొట్టమే దీనికి మూలం. సముద్రమట్టం దగ్గర 100 నాట్లకు ఆ తేడా దాదాపు 165 మిల్లీమీటర్ల నీటి ఎత్తు. 50 నాట్లకు 41 మాత్రమే. ఇంత కొద్దిపాటి ఒత్తిడి మీద నడిచే పరికరాన్ని వదులైన ఒక్క జాయింటు చాలు, దారి తప్పించడానికి.

మీటరు అంకె మరో అంకెతో కలవడం లేదన్న ఫిర్యాదు రాగానే మీటరు ఊడదీయడం అనవసరపు తొందర. జీపీఎస్ చూపేది నేల మీది వేగం. అందులో గాలివాటం కలిసి ఉంటుంది. పైగా 5,000 అడుగుల ఎత్తున, ప్రామాణిక వాతావరణంలో, మీటరు 100 నాట్లు చూపుతుంటే గాలిలో అసలు వేగం సుమారు 108. ఇది లోపం కాదు, పలుచబడిన గాలి లెక్క. పాత విమానాల్లో ఒక మీటరు మైళ్లలో, మరొకటి నాట్లలో ఉండటం కూడా ఉంది: 100 నాట్లంటే గంటకు 115 మైళ్లు. ఈ సంగతి తేలేలోపే సగం ప్యానెల్ విప్పేసిన సందర్భాలు ఈ వృత్తిలో ఉన్నవారికి కొత్తేమీ కావు.

తేడా నిజమని తేలితే, విమానంలో రెండు వేగమీటర్లు ఉన్నప్పుడు అవి ఒకే గొట్టాల మీద ఉన్నాయా లేదా అన్నది చూడాలి. డిజిటల్ తెర మీది అంకెకూ పక్కనున్న ముల్లు మీటరుకూ ఒకే పిటో, ఒకే స్టాటిక్ అయితే, రెండూ కలిసి తప్పు చూపినప్పుడు లోపం గొట్టాల్లోనో రంధ్రాల్లోనో ఉంటుంది. ఒకటి మాత్రమే తప్పు చూపితే ఆ మీటరునో, దానికి విడిగా వెళ్లే కొసగొట్టాన్నో అనుమానించాలి.

తప్పు ఎప్పుడు కనిపిస్తుందన్నది ఇంకా విలువైన ఆధారం. పిటో మూతి పూడుకుపోయి, గొట్టంలోని నీరు కారిపోయే రంధ్రం తెరిచి ఉంటే ముల్లు సున్నాకు జారుతుంది. రెండూ పూడితే మీటరు, ఎత్తు చూపే ఆల్టీమీటరులా ప్రవర్తిస్తుంది: విమానం పైకెక్కేకొద్దీ లేని వేగం పెరుగుతుంది. స్టాటిక్ మూసుకుంటే ఎక్కేటప్పుడు తక్కువ, దిగేటప్పుడు ఎక్కువ చూపుతుంది. ఈ ఎక్కువ చూపడమే ప్రమాదకరం, ఎందుకంటే అసలు వేగం పడిపోతున్నా పైలట్‌కు అది నిక్షేపంగా కనిపిస్తుంది. 1996 అక్టోబరు 2న లిమా దగ్గర 70 మందిని బలిగొన్న ఏరోపెరూ బోయింగ్ 757లో, శుభ్రం చేసేటప్పుడు స్టాటిక్ రంధ్రాలకు అంటించిన టేపు తీయకుండా వదిలేశారు. చిన్న విమానాల్లో ఆ పని పాలిష్ మైనమో, కొత్త పెయింటో చేస్తుంది. పిటో మూతిలో కందిరీగ పెట్టిన మట్టిగూడు సంగతి సరేసరి.

స్టాటిక్ గొట్టం క్యాబిన్ లోపల ఊడితే లక్షణం వేరు. ఎగిరేటప్పుడు క్యాబిన్‌లో పీడనం సాధారణంగా బయటికన్నా కాస్త తక్కువ. కాబట్టి వేగమూ, ఎత్తూ కొద్దిగా ఎక్కువ చూపుతాయి. కిటికీ తెరిచినప్పుడో, హీటరు వేసినప్పుడో ముల్లు కదిలితే అనుమానం బలపడుతుంది. మీటర్లకు క్యాబిన్ గాలిని అందించే ప్రత్యామ్నాయ స్టాటిక్ మీట లాగినా అంకె మారకపోతే, గొట్టం అప్పటికే క్యాబిన్ గాలిని పీలుస్తోందన్నమాట.

నేల మీద పరీక్షకు ఖరీదైన సామగ్రి లేకున్నా, U ఆకారంలో వంచిన పారదర్శక గొట్టమూ నీళ్లూ తప్పు ఎక్కడుందో చెబుతాయి. రెండు కొమ్మల నీటిమట్టాల మధ్య తేడా 60 నాట్లకు దాదాపు 60 మిల్లీమీటర్లు, 80కి 106, 120కి 240. ఒక్క కొమ్మలో పెరిగినంతే లెక్కపెట్టి మీటరును తప్పుపట్టడం తరచూ జరిగే పొరపాటు. పిటో వైపు ఒత్తిడిని మెల్లగా పెంచి, పట్టి ఉంచి, ముల్లు దిగుతుందేమో చూడాలి. దిగితే మీటరు వెనక జాయింట్లు, రెక్క మొదట్లో ఎండి పగిలిన రబ్బరు గొట్టాలు వెతకదగ్గ చోట్లు. నోటితో ఊదడం, కంప్రెసరు గాలి పట్టడం మీటరుకు చావుదెబ్బ.

స్టాటిక్ వైపు ఊదకూడదు, పీల్చాలి. 1,000 అడుగుల ఎత్తుకు సరిపడా పీల్చితే, పిటో తెరిచి ఉన్నప్పుడు వేగమీటరు దాదాపు 150 నాట్లకు లేస్తుంది. అందుకే చెయ్యి నిదానంగా ఉండాలి, వదిలేటప్పుడు ఇంకా నిదానంగా. పీడన క్యాబిన్ లేని విమానాలకు అమెరికా నిబంధన ప్రకారం ఆ స్థితిలో ఆల్టీమీటరు నిమిషానికి 100 అడుగులకు మించి జారకూడదు. గొట్టాలు విప్పి బిగించిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేస్తారు. ఆ తర్వాత నిశ్చలమైన గాలిలో ఒకే ఎత్తున, ఒకే వేగంతో నాలుగు దిక్కులకూ ఎగిరి, జీపీఎస్ అంకెల సగటును సాంద్రత సవరణతో మీటరుకు పోల్చి చూస్తారు.