గుమ్మెటకు సెగ

మొన్న ఆదివారం మా మేనల్లుడు కొత్త లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. వాళ్ళది పెదనందిపాడు దగ్గర పల్లె. మా బావ మిర్చి యార్డులో టిక్కీలు అమ్మిన డబ్బులోంచి డెబ్భై వేలు తీసిచ్చాడు, పాటలు చేసుకుంటాడని. షాపువాళ్ళు వీడికి గేములాడేవాళ్ళ లాప్‌టాప్ అంటగట్టారు. మీటల కింద ఎర్రదీపాలు, లోపల ఫ్యాను హోరు. పక్కన మైకు పెట్టి పాడమంటే, వాడి గొంతుకన్నా ముందు ఫ్యానే వినిపించింది. ఒళ్ళు మండింది. సంగీతానికని నోరు తెరిచి అడిగిన పిల్లాడికి, ఒక్కసారి ఆన్ చేసి చెవి పెట్టి వినమని చెప్పొద్దా?

ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా మాట తెలుసు: యంత్రం కాదు, చెవి ముఖ్యం. మైకుల మీద రాసినా, పద్యనాటకాల్లో హార్మోనియం పోయి కీబోర్డు రావడం మీద రాసినా అక్కడికే వచ్చాను. వాడికీ అదే చెప్పి పంపుదామనుకున్నాను.

"అది కాదు మామయ్యా, దెబ్బ వేశాక ఆగి పలుకుతోంది" అన్నాడు.

చూస్తే, శబ్దాన్ని కాసేపు పట్టి ఉంచే బఫర్ 1024 శాంపిళ్ళ మీద ఉంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 21 మిల్లీసెకన్లు. అంతసేపట్లో శబ్దం గాలిలో ఏడు మీటర్లు పోతుంది. అంటే వీడు తన దెబ్బను తానే, ఏడు మీటర్ల అవతల ఎవరో కొట్టినట్టు వింటున్నాడు. చేయాలనుకున్నదేమో బుర్రకథ వరస. అందులో వంతలు వాయించే గుమ్మెట వెనకబడితే కథకుడు ఎవరిని పట్టుకుని అడుగు వేయాలి?

చిన్నప్పుడు సంక్రాంతికి మా ఊరి చావిడి దగ్గర బుర్రకథ పెట్టేవాళ్ళు. వంతలిద్దరూ గంట ముందే వచ్చి చొప్ప మంట వేసేవాళ్ళు. మంచుకు చర్మం మెత్తబడితే గుమ్మెట మోగదు. కాస్త సెగ చూపడం, వేళ్ళతో ఒక తట్టు, చెవి దగ్గర పెట్టుకుని వినడం, మళ్ళీ సెగ. రెండు గుమ్మెటలూ ఒక్కలా పలికేదాకా కథకుడు గజ్జె కదిపేవాడు కాదు. ఇంకా మొదలుపెట్టరేమని పిల్లలం గోల చేసేవాళ్ళం. ఆ రాత్రుల్లో ఏ కథలు చెప్పారో ఇప్పుడు గుర్తులేదు. ఆ తట్టు మాత్రం చెవుల్లో ఉంది.

బుర్రకథ చెప్పిన షేక్ నాజర్‌ది మన పొన్నెకల్లే. 1920లో దూదేకుల ఇంట పుట్టి, బుర్రకథతో 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన జీవితకథ పేరే 'పింజారి', అంటే దూదేకేవాడు. దూదిని ఏకే వింటికీ నారి బిగువు చూసుకోవాలి, భుజం మీది తంబురాకూ తీగ బిగువు చూసుకోవాలి. పత్తి పండే ఈ నేలలో ఆ రెండు పనులూ ఒకే ఇంట్లో పుట్టాయి.

యంత్రం ముఖ్యం కాదని ఇన్నేళ్ళు రాసింది తప్పు. ఆ వంతలు మంట దగ్గర కూర్చున్న గంట కూడా కథలో భాగమే.

సోమవారం లాప్‌టాప్ మార్చాం. దీపాలు లేనిది, చప్పుడు తక్కువది, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. మిగిలిన డబ్బుకు ఆడియో ఇంటర్‌ఫేస్ వచ్చింది. దాని సొంత ఏసియో డ్రైవరు వేసి బఫర్ 128కి దించితే ఆ 21 మిల్లీసెకన్లు కాస్తా మూడు లోపుకు వచ్చింది. పాట కలిపేటప్పుడు మళ్ళీ 1024కు పెంచుకోవచ్చు, అప్పుడు ఆలస్యంతో పనిలేదు, ప్రాసెసరుకు ఊపిరాడుతుంది. పల్లెలో ఎర్తు సరిగా లేక, ఛార్జరు పెడితే గుయ్యిమని రొద. తీసేసి బ్యాటరీ మీద పాడితే పోయింది. రికార్డింగప్పుడు వైఫై ఆపాలి. మే నెల ఎండల్లో ఏ ఫ్యానూ ఊరుకోదు కాబట్టి తెల్లవారుజామునే పాడుకోవాలి.

అన్నీ కుదిరాక గుమ్మెట శబ్దం కోసం వెదికాం. తబలా, మృదంగం, ఢోలక్ దొరికాయి. మేం వెదికినచోట గుమ్మెట లేదు. ఒక చేత్తో మూతి మూసి తెరుస్తుంటే సాగే ఆ పలుకు తబలాతో రాదు.

మీ ఊళ్ళో గుమ్మెట వాయించే పెద్దాయన ఉంటే ఈ ఆదివారమే వెళ్ళండి. ఆయన శ్రమకు డబ్బివ్వండి, పేరు రాసుకోండి. ఒక్కో దెబ్బనూ విడిగా, 24 బిట్ వేవ్ ఫైలుగా తీయండి. ముందు ఆయన్ని సెగ చూపుకోనివ్వండి. చెవి దగ్గర పెట్టుకుని తట్టి, ఆయన సరే అన్నాకే రికార్డు నొక్కండి.