పద్యనాటకంలో సాత్త్వికాభినయం: భావోద్వేగాల మస్తిష్క మూలాల దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
రససిద్ధాంతాన్ని నాడీశాస్త్రంతో పోల్చేటప్పుడు స్థాయిభావాలకు మెదడులో ఒక్కొక్క స్థానాన్ని చూపే ధోరణి మన పరిశోధనల్లో కనిపిస్తుంది. ఈ పోలిక శాస్త్రపరంగానూ అలంకారశాస్త్రపరంగానూ నిలవదనీ, రెండు శాస్త్రాలూ నిజంగా కలిసే చోటు సాత్త్వికాభినయమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు తెనాలి ప్రాంత పద్యనాటక సంప్రదాయాన్ని, ప్రత్యేకించి హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీనును ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: సాత్త్వికభావాలు, స్వరభేదం, అమిగ్డాలా, పద్యనాటకం, కాటిసీను.

1. ప్రవేశిక:
తెనాలికి సమీపాన ఉన్న కొల్లిపరలో, పదేళ్ల వయసులో, ఒక తిరునాళ్ల రాత్రి చూసిన కాటిసీను ఈ వ్యాసానికి తొలి ప్రేరణ. పాముకాటుకు చనిపోయిన లోహితాస్యుణ్ణి చంద్రమతి శ్మశానానికి తెస్తుంది. కాటికాపరిగా ఉన్న హరిశ్చంద్రుడు కాటిసుంకం అడుగుతాడు. హరిశ్చంద్ర పాత్రధారి శ్రుతి తప్పకుండా పద్యం పాడాడు. రాగం ముగించి వచనంలోకి దిగగానే అతని గొంతు పూడుకుపోయింది. ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అన్నారు. అతను మళ్లీ పాడాడు. మళ్లీ అదే చోట గొంతు పూడుకుపోయింది. పక్కన కూర్చున్న పెద్దాయన “అదంతా నటనేరా” అన్నాడు. అంటూనే కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. అది నటనే అయితే ఆయన కన్నీరు ఎక్కడిది? నటుడికి నిజంగానే దుఃఖం కలిగి ఉంటే రెండోసారి శ్రుతి ఎలా నిలిచింది? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ వ్యాస లక్ష్యం.

2. స్థానాల పట్టిక – దాని పరిమితులు:
భరతుడు చెప్పిన ఎనిమిది స్థాయిభావాలు రతి, హాసం, శోకం, క్రోధం, ఉత్సాహం, భయం, జుగుప్స, విస్మయం. పాల్ ఎక్మన్ ప్రతిపాదించిన ఆరు మౌలిక భావోద్వేగాలు సంతోషం, దుఃఖం, కోపం, భయం, అసహ్యం, ఆశ్చర్యం. వీటిని పక్కపక్కన పెట్టి, భయానికి అమిగ్డాలా, జుగుప్సకు ఇన్సులా అని పట్టిక గీయడం సులభం. కాని ఆ పట్టికకు రెండు అభ్యంతరాలున్నాయి.

మొదటిది నాడీశాస్త్రం నుంచే వస్తుంది. 1937లో జేమ్స్ పేపెజ్ భావోద్వేగాలకు ఒక నాడీవలయాన్ని ప్రతిపాదించాడు. 1952లో పాల్ మెక్లీన్ దాన్ని విస్తరించి లింబిక్ వ్యవస్థ అని పేరుపెట్టాడు. తరువాతి పరిశోధనలు ఆ చిత్రాన్ని చాలా సవరించాయి. వైద్య సాహిత్యంలో ‘ఎస్.ఎం.’ అనే పొడి అక్షరాలతో ప్రసిద్ధురాలైన మహిళకు రెండువైపులా అమిగ్డాలా దెబ్బతిన్నది. పాములను చూసినా ఆమెకు భయం కలగలేదు. అలాంటి ఆమె, 2013లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, కార్బన్ డయాక్సైడ్ అధికంగా కలిపిన గాలిని పీల్చినప్పుడు తీవ్రమైన భయాందోళనకు లోనైంది. బయటి ప్రమాదాన్ని గుర్తించే భయానికి అమిగ్డాలా కీలకమే. కాని శరీరం లోపలినుంచి పుట్టిన భయానికి మెదడులో వేరే దారి ఉందన్నమాట. ఒక్క భయానికే ఇన్ని దారులున్నప్పుడు ఒక్కో భావానికి ఒక్కో స్థానమనే లెక్క కుదరదు.

రెండో అభ్యంతరం అలంకారశాస్త్రానిది. స్థాయిభావం నిత్యజీవితంలోని ఉద్వేగం మాత్రమే కాదు; విభావానుభావ వ్యభిచారిభావాల సంయోగంతో సహృదయునిలో రసంగా పరిణమించవలసిన భావం. మెదడులోని ఒక భాగాన్ని చూపి ‘ఇదే శోకం’ అన్నా, శోకం కరుణరసం ఎలా అయిందన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

3. సాత్త్వికభావాలు – శరీరధర్మం:
స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అనేవి ఎనిమిది సాత్త్వికభావాలు. వీటిలో అధికభాగం స్వయంచాలిత నాడీవ్యవస్థ పనులు. హైపోథాలమస్ నుంచి వచ్చే ఆదేశాలతో స్వేదగ్రంథులు స్రవిస్తాయి. రోమాల మొదళ్లలోని సూక్ష్మకండరాలు బిగుసుకుంటాయి. చర్మంలోని రక్తనాళాలు సంకోచించి ముఖం పాలిపోతుంది. చేయి ఎత్తమంటే ఎత్తగలం. రోమాంచం కలగమని చర్మాన్ని ఆజ్ఞాపించలేం.

ఆంగికాభినయం నుంచి సాత్త్వికాభినయాన్ని భరతుడు వేరు చేయడానికి కారణం ఇక్కడ స్పష్టమవుతుంది. నాట్యశాస్త్రం ఏడవ అధ్యాయంలో, దుఃఖం లేనివాడు రోదనాన్ని ఎలా ప్రదర్శించగలడని ఆయన ప్రశ్నిస్తాడు. సత్త్వం మనస్సునుంచి పుట్టేదనీ, సమాహితమైన మనస్సుకే అది సాధ్యమనీ చెబుతాడు.

ఈ విభజనను ముఖకండరాల విషయంలో వైద్యశాస్త్రం కూడా గుర్తించింది. నిజమైన నవ్వులో కదిలే కంటి చుట్టూ ఉన్న కండరం ఇచ్ఛకు లొంగదని 1862లో ఫ్రెంచి వైద్యుడు డ్యూషేన్ వివరించాడు. మెదడు పైపొరలోని చాలకప్రాంతం దెబ్బతిన్న కొందరు పక్షవాత రోగులు నవ్వమంటే ఒకవైపు పెదవిని కదపలేరు. హాస్యం విన్నప్పుడు మాత్రం రెండువైపులా సమంగా నవ్వుతారు. దీనికి విరుద్ధమైన స్థితి గల రోగులూ ఉన్నారు. అంటే ఇచ్ఛాపూర్వక చలనానికీ భావప్రేరిత చలనానికీ మెదడులో దారులు వేరు.

4. స్వరభేదం – పద్యం:
గొంతుకూ ఇలాంటి రెండు దారులున్నాయి. మాటను, పాటను నియంత్రించేది చాలకప్రాంతం నుంచి స్వరపేటికకు వెళ్లే దారి. ఏడుపు, నవ్వు, మూలుగు వంటి సహజధ్వనులకు యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్ నుంచి మధ్యమస్తిష్కంలోని పెరియాక్విడక్టల్ గ్రే అనే భాగం మీదుగా సాగే మరో దారి ఉంది. మెదడు పైభాగం ఏర్పడకుండా జన్మించిన శిశువులు కూడా ఏడవగలగడం ఈ రెండో దారి ఎంత ప్రాచీనమో సూచిస్తుంది.

వచననాటకంలో దుఃఖం వచ్చినప్పుడు గొంతు బొంగురుపోవడం అభినయానికి బలమే. పద్యనాటకంలో అదే గొంతు శ్రుతిలో నిలవాలి. శోకం స్వరభేదాన్ని కోరుతుంది. పద్యం స్వరశుద్ధిని కోరుతుంది. ఒకే స్వరపేటికమీద రెండు ఆజ్ఞలు పనిచేస్తున్నాయి. కాటిసీను నటుడికి ఇంత కఠినమైన పరీక్ష కావడానికి రాగాల క్లిష్టత ఒక్కటే కారణం కాదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

కొల్లిపరలో చూసిన నటుడు ఆ రెండు ఆజ్ఞలనూ కాలక్రమంలో అమర్చుకున్నాడు. పద్యంలో గొంతు ఇచ్ఛకు లోబడి ఉంది. రాగం ముగిసి వచనం మొదలయ్యే సంధిలో అతను దాన్ని వదిలేశాడు. ఇక్కడ ఊపిరికి ప్రాధాన్యం ఉంది. శ్వాస తనంత తానుగా సాగుతుంది, కోరితే మన అధీనంలోకీ వస్తుంది. దీర్ఘమైన రాగాలాపన చివర ఊపిరి సహజంగానే తగ్గుతుంది. ఆ స్థితి, పాత్రలో లగ్నమైన స్మృతి, ఊహ కలిసి హైపోథాలమస్ వంటి లోతైన భాగాలను కదిలిస్తాయని భావించవచ్చు. ఇది ప్రయోగంతో తేల్చవలసిన ప్రతిపాదన. అయినా ‘వన్స్‌మోర్’ తరువాత కూడా అదే చోట గొంతు పూడుకుపోవడానికి సమంజసమైన వివరణ. నటుడు దుఃఖాన్ని అనుకరించలేదు. దుఃఖం వచ్చే దారిని సాధన చేశాడు.

ఉత్తమనటుడు తాను ఏమీ అనుభవించకూడదని 18వ శతాబ్దపు ఫ్రెంచి రచయిత డిడెరో వాదించాడు. పూర్తిగా అనుభవించాలన్నది దానికి ఎదురువాదం. భరతుని ‘సమాహిత మనస్సు’ ఈ రెండింటికీ లొంగదు. బాపట్లలో జన్మించి, తెనాలి శ్రీరామ విలాస సభ నటుడిగా పేరుపొందిన స్థానం నరసింహారావు (1902–1971) ఇందుకు మరో నిదర్శనం. ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా ఆయన స్త్రీ కంఠాన్ని, నడకను ఇచ్ఛాపూర్వకంగా నిలుపుకుంటూనే అలుకను, అసూయను పలికించవలసి వచ్చింది. అక్కడ నిగ్రహం భావానికి అడ్డుకాదు, ఆధారం.

5. విమర్శకు ప్రయోజనం:
పద్యనాటక విమర్శ ఎక్కువగా గాత్రాన్ని, రాగాన్ని, పద్యోచ్చారణను లెక్కించింది. ‘వన్స్‌మోర్’ను రసభంగమని నిరసించింది. నిరసనలో న్యాయముంది. కాని ఒకే పద్యాన్ని ఒకే నటుడు కొద్ది నిమిషాల తేడాతో రెండుసార్లు ప్రదర్శించడం పరిశోధకుడికి అరుదైన అవకాశం. గొంతు ఎక్కడ మారింది, ఊపిరి ఎక్కడ తీసుకున్నాడు, కన్నీరు ఏ పాదం దగ్గర వచ్చింది అన్నవి నమోదు చేయవచ్చు. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లో ఈ విద్య తెలిసిన నటులు వృద్ధులవుతున్నారు. పద్యాలు పుస్తకాల్లో ఉంటాయి. ఊపిరి విడిచే చోటు ఏ పుస్తకంలోనూ ఉండదు. అది వారితోనే పోతుంది.

6. ముగింపు:
1. భావోద్వేగాలు మెదడులోని పలుభాగాల ఉమ్మడి వ్యాపారం. స్థాయిభావాలకు ఒక్కొక్క స్థానాన్ని చూపే పట్టికలు రెండు శాస్త్రాలకూ న్యాయం చేయవు.
2. ఇచ్ఛకు లొంగే చలనాన్ని, లొంగని శరీరవికారాన్ని వేరుచేసిన సాత్త్వికాభినయ భావన దగ్గరే నాడీశాస్త్రంతో అర్థవంతమైన సంవాదం సాధ్యం. దీన్ని ప్రాచీనులకు సర్వం తెలుసునన్న నిరూపణగా గాక, ఇద్దరూ ఒకే సమస్యను చూశారన్న గుర్తింపుగా స్వీకరించాలి.
3. స్వరభేదానికీ స్వరశుద్ధికీ మధ్య నటుడు సాధించిన సంధిని పద్యనాటక విమర్శ ప్రమాణాలలో చేర్చాలి.
4. ఆనాటి పెద్దాయన అన్నమాట నిజమే, అది నటనే. ఆయన కన్నీరూ నిజమే. ఆ రెంటినీ కలిపిన సాధనను, నటులు ఉండగానే, వారిని అడిగి నమోదు చేయడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం.