మందు చేరుట, చికిత్స అందుట

సీతంపేట, సాలూరు, గుమ్మలక్ష్మీపురము కొండలలో వానకాలమున గెడ్డలు పొంగినపుడు రోగిని డోలీలో మోసికొని వచ్చుట నేటికిని కలదు. ఇవి 2022 వరకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలోనివి. నేడు పార్వతీపురం మన్యం జిల్లాలోనివి. ఇట్టి చోట్లకు మందులను డ్రోనులతో పంపవచ్చునని 2021 సెప్టెంబరులో వికారాబాదున మొదలైన ప్రయోగము చూపినది. సాధనము మెచ్చదగినదే. కాని దానితో సమస్య తీరునను మాటను పరీక్షింపవలెను.

పాముకాటునే తీసికొందము. విరుగుడు మందు రెండు రూపములలో లభించును. ద్రవమును 2 నుండి 8 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనమున ఉంచవలెను. పొడి సాధారణ ఉష్ణోగ్రతలోనే నిలుచును. కావున పొడిని వానలకు ముందే కొండమీది ఆరోగ్యకేంద్రమున నిలువ చేయవచ్చును. డ్రోనుకై ఎదురుచూడ నక్కరలేదు. అయితే దీనిని సిరలోనికి ఎక్కించినపుడు కొందరికి వికటించి ప్రాణాపాయము కలుగవచ్చును. తక్షణమే ఎడ్రినలిన్ ఇయ్యగల నేర్పరి ప్రక్కనే ఉండవలెను. కట్లపాము కాటున శ్వాస స్తంభించినచో ఊపిరి ఆడించు ఏర్పాటును కావలెను. సీసాను దించిపోవు యంత్రము ఈ పనులు చేయజాలదు.

2018లో ఏజెన్సీ ప్రాంతములకు వచ్చిన ద్విచక్ర అంబులెన్సులు రోగిని మోయును. కాని వానికిని బాట కావలెను.

కావున పథకమును తూచునపుడు మందు ఎంత దూరము ఎగిరినదని గాక, కాటుపడిన ఎంతసేపటికి రోగి రక్తములో కలిసినదని అడుగవలెను. విద్యార్థులు నేర్వవలసిన ప్రశ్న ఇదియే.